సీమూర్ బెంజర్: ఫేజ్ మ్యాపు నుంచి ఈగ గడియారం దాకా

ఎమ్మెస్సీ_జన్యు రాశారు:
సెమినార్‌కు అమెరికా జన్యుశాస్త్రవేత్త సీమూర్ బెంజర్ పని తీసుకున్నాను. పాఠ్యపుస్తకాల్లో ఒకచోట "సిస్ట్రాన్ (పనిని బట్టి గుర్తించే జన్యు భాగం) కనిపెట్టినవాడు" అని, ఇంకో అధ్యాయంలో "ప్రవర్తనా జన్యుశాస్త్రానికి ఆద్యుడు" అని ఉంటుంది. రెంటికీ సంబంధం ఏమిటో ఎవరూ చెప్పరు. నా ప్రశ్నలు ఇవి: ఫేజ్ (బ్యాక్టీరియాకు సోకే వైరస్) పనిలో అంత పేరు వచ్చాక పండ్ల ఈగల (డ్రోసోఫిలా) వైపు ఎందుకు తిరిగాడు? ఈగలను ప్రవర్తనను బట్టి వేరుచేసే కౌంటర్‌కరెంట్ యంత్రం అసలు ఎలా పనిచేస్తుంది? రోజువారీ లయ మారిన పీరియడ్ మ్యూటెంట్లు (జన్యుమార్పు ఉన్న ఈగలు) మూడూ ఒకే జన్యువులోవని ఎలా తేల్చారు? వివరంగా చెప్పగలిగినవారు చెప్పండి.

---

ఓరుగల్లు_శాస్త్రి రాశారు:
ముందు కాలక్రమం. 1921లో న్యూయార్క్‌లో పుట్టాడు. బ్రూక్లిన్ కాలేజీలో భౌతికశాస్త్రం చదివి, పర్డ్యూ విశ్వవిద్యాలయానికి వెళ్లి 1947లో డాక్టరేట్ తీసుకున్నాడు. యుద్ధకాలంలో అక్కడ చేసిన పని జెర్మేనియం మీద. ఎక్కువ వోల్టేజీని ఎదురుదిశలో తట్టుకునే జెర్మేనియం రెక్టిఫయర్లు (విద్యుత్తును ఒకే దిశలో పోనిచ్చేవి) రాడార్‌కు కావాలి. ఆ పరిశోధన తర్వాత ట్రాన్సిస్టర్ కథలోనూ భాగమైంది. అదే దారిలో పోతే సుఖంగా బతికేవాడు. ష్రోడింగర్ పుస్తకం "జీవమంటే ఏమిటి" చదివి జీవశాస్త్రం వైపు మళ్లాడు. 1948లో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో ఫేజ్ కోర్సు, ఆ తర్వాత కాల్‌టెక్‌లో మాక్స్ డెల్‌బ్రూక్ దగ్గర, పారిస్ పాశ్చర్ సంస్థలో ల్వోఫ్, జాకబ్, మోనోల మధ్య గడిపి, పర్డ్యూకి తిరిగొచ్చి ఫేజ్‌లోని ఆర్‌టూ అనే జన్యు ప్రాంతం మీద పని మొదలుపెట్టాడు.

1965లో కాల్‌టెక్‌కు వెళ్లింది రోజర్ స్పెర్రీ ల్యాబుకు, అంటే మెదడు పరిశోధకుడి దగ్గరికి. 1967లో అక్కడే ప్రొఫెసర్ అయ్యాడు, ఈగల మీద మొదటి వ్యాసమూ అదే ఏడాది వచ్చింది. 2007 నవంబర్ 30న పాసడీనాలో చనిపోయాడు. నోబెల్ రాలేదు. 2017లో గడియార జన్యువుల పనికి హాల్, రాస్‌బాష్, యంగ్‌లకు వచ్చింది. వారిలో జెఫ్రీ హాల్ బెంజర్ దగ్గర పోస్ట్‌డాక్ చేసినవాడే.

---

లాంబ్డా_లైసిస్ రాశారు:
"ఎందుకు తిరిగాడు" అనేదానికి జవాబు అతని పద్ధతిలోనే ఉంది. ఆర్‌టూ పని అర్థమైతే ఈగల పని దానంతట అదే అర్థమవుతుంది. కాబట్టి అక్కడి నుంచి మొదలుపెడతాను.

టీ4 ఫేజ్ ఈ. కోలై బ్యాక్టీరియా పొర మీద ప్లాక్ (కణాలు చచ్చి తేటపడిన మచ్చ) చేస్తుంది. మామూలు ఫేజ్ ప్లాక్ చిన్నది, అంచులు మసకగా ఉంటాయి. ఆర్ మ్యూటెంట్ (ఆర్‌టూ అందులో ఒక రకం) ప్లాక్ పెద్దది, అంచులు పదునుగా ఉంటాయి. బెంజర్ పట్టుకున్న కీలకం ఏమిటంటే, ఆర్‌టూ మ్యూటెంట్లు ఈ. కోలైలో బి అనే స్ట్రెయిన్ (రకం) మీద పెరుగుతాయి, లాంబ్డా ఫేజ్‌ను లోపల దాచుకున్న కే స్ట్రెయిన్ మీద పెరగవు. మామూలు ఫేజ్ రెంటి మీదా పెరుగుతుంది.

ఇప్పుడు రెండు ఆర్‌టూ మ్యూటెంట్లను బి స్ట్రెయిన్‌లో కలిపి ఇన్‌ఫెక్ట్ చేయండి. వచ్చిన సంతానాన్ని కే మీద పోస్తే, ఆ రెండు మ్యుటేషన్ల మధ్య రికాంబినేషన్ (డీఎన్ఏ ముక్కల మార్పిడి) జరిగి మామూలుగా మారినవి మాత్రమే బతుకుతాయి. మిగతా కోట్ల ఫేజ్‌లు కనిపించకుండా పోతాయి. చేతితో వెతికే పనే లేదు, ఆ బ్యాక్టీరియానే వెతికిపెడుతుంది.

లెక్క ఇలా. ఊహాత్మక ఉదాహరణే: బి మీద కోటి రెట్లు పలచన చేసి పోస్తే 150 ప్లాకులు. కే మీద పదివేల రెట్లు పలచన చేసి అంతే పరిమాణం పోస్తే 60 ప్లాకులు. అంటే మొత్తం 150 కోట్లు, మామూలువి 6 లక్షలు. ప్రతి మామూలు రికాంబినెంట్‌కూ జంటగా ఒక డబుల్ మ్యూటెంట్ పుడుతుంది, అది కే మీద కనిపించదు. అందుకే రెండుతో గుణించాలి. 12 లక్షలను 150 కోట్లతో భాగిస్తే 0.08 శాతం. విద్యార్థులు తప్పేది ఈ రెండు రెట్ల దగ్గరే.

ఇంకో చిక్కు వెనుమార్పు. కొన్ని పాయింట్ మ్యూటెంట్లు ఒంటరిగానే మామూలుగా తిరిగిపోతాయి. రెండు మాతృ ఫేజ్‌లనూ విడివిడిగా కే మీద పోసి ఆ నేపథ్య సంఖ్య కొలవకపోతే, దగ్గరదగ్గరగా ఉన్న మ్యుటేషన్ల లెక్క అంతా అబద్ధమైపోతుంది. ఎప్పటికీ వెనుమారని మ్యూటెంట్లు కొన్ని ఉన్నాయి, అవి డెలీషన్లు, అంటే డీఎన్ఏ ముక్కే ఊడిపోయినవి. బెంజర్ వాటినే పనిముట్లుగా వాడాడు. ఏడు పెద్ద డెలీషన్లతో ప్రాంతాన్ని ముక్కలు చేశాడు. కొత్త మ్యూటెంట్ ఏదైనా ఒక్కో డెలీషన్‌తో క్రాస్ చేసి కే మీద చుక్క వేస్తే చాలు. ప్లాకులు వస్తే మ్యుటేషన్ ఆ డెలీషన్ బయట ఉంది, రాకపోతే లోపల ఉంది. వేల జతలను ఒకదానితో ఒకటి క్రాస్ చేసే శ్రమ తప్పింది. 1961 నాటికి ఆ చిన్న ప్రాంతంలో 300కు పైగా వేర్వేరు స్థానాలు గుర్తించాడు. కొన్ని స్థానాల్లో మ్యుటేషన్లు కుప్పలుగా పడుతున్నాయని కూడా చూశాడు. అవే హాట్‌స్పాట్లు.

"జన్యువు పూసలాంటిది, లోపల తెగదు" అన్న పాత ఊహ దీనితో పోయింది. అదే ఏడాది క్రిక్, బ్రెన్నర్ బృందం ట్రిప్లెట్ కోడ్‌ను (మూడేసి అక్షరాలకు ఒక అమైనో ఆమ్లం) నిరూపించింది కూడా ఈ ఆర్‌టూ బి సిస్ట్రాన్ మీదే.

---

ఎమ్మెస్సీ_జన్యు రాశారు:
చాలా స్పష్టంగా ఉంది సార్. సిస్ట్రాన్ పరీక్షకూ పై క్రాస్‌కూ తేడా కూడా చెబుతారా? రెంట్లోనూ రెండు ఫేజ్‌లు కలిపి కే మీద వేస్తున్నట్టే ఉంది.

---

లాంబ్డా_లైసిస్ రాశారు:
తేడా మొదటి ఇన్‌ఫెక్షన్ ఎందులో జరిగింది అన్నది. రికాంబినేషన్ కొలవడానికి ముందు బి లో కలుపుతాం, పుట్టిన సంతానాన్ని కే మీద లెక్కిస్తాం. కాంప్లిమెంటేషన్ (అదే సిస్ట్రాన్ పరీక్ష) చూడటానికి నేరుగా కే లోనే రెంటినీ కలిపి ఇన్‌ఫెక్ట్ చేస్తాం, ఒక్కో కణానికి రెండు రకాలూ కొన్నేసి అందేంత మోతాదులో. ఒకదాని లోపాన్ని ఇంకొకటి పూడ్చగలిగితే దాదాపు ప్రతి కణమూ పగిలి ఫేజ్‌లు బయటికొస్తాయి. పూడ్చలేకపోతే అక్కడక్కడా రికాంబినెంట్లు మాత్రమే కనిపిస్తాయి. చుక్క పరీక్షలో మొత్తం చుక్క తేటపడటం ఒకటి, నాలుగు ప్లాకులు రావడం ఇంకొకటి. ఈ రెంటినీ కలగాపులగం చేస్తే సిస్ట్రాన్ హద్దు దొరకదు. ఆర్‌టూ మ్యూటెంట్లన్నీ ఎ, బి అనే రెండు గుంపులుగా విడిపోయింది ఈ పరీక్షతోనే.

---

పండ్లఈగ రాశారు:
లాంబ్డా గారు చెప్పిన "వెతికే పని బ్యాక్టీరియాది" అన్న మాట దగ్గర నేను అందుకుంటాను. బెంజర్ ఈగల దగ్గరికి వచ్చి చేసిన మొదటి పని అలా వెతికిపెట్టే సాధనం కట్టడం. ఒక్కో ఈగ ముందు కూర్చుని దాని స్వభావం రాసుకోలేదు.

కౌంటర్‌కరెంట్ పేరు రసాయనశాస్త్రం నుంచి వచ్చింది. రెండు ద్రావకాల మధ్య పదార్థాన్ని పదేపదే పంచి విడదీసే క్రెయిగ్ పద్ధతి అది. బెంజర్ ద్రావకాల బదులు గాజుగొట్టాలు పెట్టాడు.

ఇప్పుడు మామూలుగా తరగతుల్లో వాడే కూర్పు: కింది చట్రంలో ఆరు టెస్ట్‌ట్యూబులు, పై చట్రంలో ఐదు, మూతులు ఎదురెదురుగా. పై చట్రం పక్కకు జరుగుతుంది.

ఈగలన్నిటినీ కింది సున్నా ట్యూబులో వేయండి. మొత్తం పరికరాన్ని మెత్తటి రబ్బరు మీద తట్టి ఈగలను అడుక్కి దింపండి. వెంటనే అడ్డంగా పడుకోబెట్టి, పై ట్యూబుల చివర ట్యూబ్‌లైట్ ఉంచండి. 15 సెకన్లు ఆగండి. వెలుగు వైపు పరుగెత్తినవి పై ట్యూబులోకి చేరతాయి. పై చట్రాన్ని ఒక స్థానం కుడికి జరిపి తట్టండి, అవి కింది ఒకటో ట్యూబులోకి పడతాయి. చట్రాన్ని వెనక్కి జరిపి మళ్లీ మొదలు. ఇలా ఐదుసార్లు. చివర ఏ ఈగ ఏ ట్యూబులో ఉందో అదే అది వెలుగు వైపు పరుగెత్తిన సార్ల సంఖ్య.

చెడేది ఎక్కడంటే:

పడుకోబెట్టడం ఆలస్యమైతే ఈగలు వెలుగు కోసం కాదు, పైకి పాకే అలవాటుతో వెళ్తాయి. మీరు కొలిచేది వేరే ప్రవర్తన అవుతుంది.

కార్బన్ డయాక్సైడ్‌తో మత్తు ఇచ్చిన రోజే పరీక్ష పెట్టకండి. కనీసం ఒక రోజు వదలాలి. ఈథర్ అయితే మరీ ముఖ్యం.

వయసు అన్నిటికీ ఒకటే ఉండాలి, మూడు నుంచి ఐదు రోజులు బాగుంటుంది. ముసలి ఈగ నెమ్మదిస్తే మ్యూటెంట్ అనుకుంటారు.

తెల్లకన్ను మార్కర్ (గుర్తు) ఉన్న లైన్‌ను (వంశాన్ని) ఎర్రకన్ను కంట్రోల్‌తో పోల్చకండి. వైట్ జన్యువే చూపును మారుస్తుంది.

చాలామంది వదిలేసేది వెనక వెలుగు పరీక్ష. లైటును మొదటి ట్యూబు అడుగు వైపు పెట్టి ఇదే క్రమం మళ్లీ చేయాలి. మామూలు ఈగ కదలకుండా వెలుగు దగ్గరే ఉండిపోతుంది. లైటు ఎటున్నా పరుగెత్తే ఈగ అతి చురుకుది. ఎటున్నా కదలనిది సోమరిది లేదా కుంటిది. వెలుగుకు స్పందన లేనిదాన్ని వీటి నుంచి వేరు చేసేది ఈ రెండో పరుగే.

---

ద్విపద రాశారు:
ఐదు పరుగులు ఎందుకు, ఒక్కటి చాలదా అనే ప్రశ్నకు లెక్క చెబుతాను. యంత్రం అందమంతా అందులోనే ఉందని నా అభిప్రాయం.

మామూలు ఈగ ఒక పరుగులో వెలుగు వైపు వెళ్లే సంభావ్యత 0.9 అనుకుందాం. ఒక్క పరుగే పెడితే ప్రతి పదిలో ఒక మామూలు ఈగ వెనకే ఉంటుంది. 10,000 ఈగల్లో వెయ్యి. వాటిలో నిజమైన మ్యూటెంట్‌ను వెతకలేం.

ఐదు పరుగుల తర్వాత సున్నా, ఒకటి ట్యూబుల్లో మిగిలే మామూలు ఈగల వాటా 0.00046. అంటే 10,000లో ఐదు. అదే సంభావ్యత 0.3 ఉన్న మ్యూటెంట్లు అయితే సగానికి పైగా, 53 శాతం, ఆ రెండు ట్యూబుల్లోనే ఉంటాయి.

ఇంకో సంగతి: ఒకే రకం ఈగలైతే పంపిణీ ద్విపద ఆకారంలో రావాలి. ఒక ఈగ ఈసారి వెళ్లకపోవడం యాదృచ్ఛికం, దాని జాతకం కాదు. రెండు శిఖరాలు కనిపిస్తే గుంపులో రెండు రకాలు కలిసి ఉన్నాయని అర్థం. సగటు మాత్రమే రాసి ఊరుకునేవారు ఈ సమాచారాన్ని పారేస్తున్నారు. ఆరు ట్యూబుల అంకెలూ ఇవ్వండి.

---

ఎమ్మెస్సీ_జన్యు రాశారు:
మ్యూటెంట్లను పుట్టించడం గురించి కూడా చెప్పండి. రిసెసివ్ (జతలో మామూలు జన్యువు ఉంటే కనబడని) మ్యుటేషన్ అయితే మనవల తరం దాకా ఆగాలి కదా?

---

పండ్లఈగ రాశారు:
ఆగక్కర్లేని ఉపాయం ఉంది, బెంజర్ ల్యాబు దాన్నే నమ్ముకుంది. అటాచ్డ్-ఎక్స్ ఆడ ఈగలు. వీటిలో రెండు ఎక్స్ క్రోమోజోమ్‌లు అతుక్కుని ఒకటిగా కదులుతాయి, పక్కన ఒక వై ఉంటుంది. మామూలు మగ ఈగతో క్రాస్ చేస్తే కొడుకు ఎక్స్ తండ్రి నుంచి, వై తల్లి నుంచి వస్తుంది. అంటే మ్యుటేషన్లు పుట్టించే మందు తిన్న తండ్రి ఎక్స్‌లో ఏ మార్పు ఉన్నా కొడుకులో నేరుగా బయటపడుతుంది, కప్పడానికి రెండో ఎక్స్ లేదు. నచ్చిన కొడుకును మళ్లీ అటాచ్డ్-ఎక్స్ ఆడవాటితో వేస్తే అదే ఎక్స్ తండ్రి నుంచి కొడుక్కి దిగుతూ, ఒక్క ఈగ నుంచి లైన్ తయారవుతుంది. మూడు ఎక్స్‌లవి దాదాపు అన్నీ, రెండు వైలవి పూర్తిగా చస్తాయి కాబట్టి గుడ్లు సగం పోతాయి. వయల్ పలచగా ఉందని కంగారుపడొద్దు.

మందు ఈఎంఎస్ (ఇథైల్ మీథేన్‌సల్ఫొనేట్). సాధారణ మోతాదు 25 మిల్లీమోలార్: 100 మి.లీ. ఒక శాతం చక్కెర నీళ్లలో సుమారు 0.26 మి.లీ. ఈఎంఎస్. నూనెలా అడుక్కి దిగుతుంది, సిరింజితో పైకీ కిందికీ లాగి కలపాలి. అప్పటికప్పుడు చేసిందే వాడాలి. మగ ఈగలను కొన్ని గంటలు ఆకలితో ఉంచి, ఈ ద్రావణంతో తడిపిన ఫిల్టర్ పేపరున్న సీసాలో రాత్రంతా వదలండి. తర్వాత శుభ్రమైన వయల్‌లోకి మార్చి, ఒంట్లోని మందు విసర్జించేదాకా ఆగి క్రాస్ వేయండి. నాలుగైదు రోజుల్లో ఆ మగవాటిని తీసేయాలి. ఆలస్యంగా తయారయ్యే వీర్యం ఒకే మూలకణం నుంచి వస్తుంది కాబట్టి, ఒకే మ్యుటేషన్ పదిసార్లు దొరికి పది వేర్వేరు మ్యూటెంట్లు దొరికాయన్న భ్రమ కలుగుతుంది.

ఈఎంఎస్ క్యాన్సర్ కారకం. ఫ్యూమ్ హుడ్, రెండు జతల గ్లవ్స్, తాకిన ప్రతిదాన్నీ 10 శాతం సోడియం థయోసల్ఫేట్‌లో ఒక రోజు నానబెట్టడం తప్పనిసరి. ఇవి లేని కాలేజీ ల్యాబులో ఈ పని చేయకూడదు. మ్యూటెంట్ లైన్లు స్టాక్ సెంటర్ల నుంచి తెప్పించుకోవచ్చు, మైసూరు విశ్వవిద్యాలయంలో డ్రోసోఫిలా స్టాక్ సెంటర్ ఉంది.

మేత సంగతి అడుగుతారు కాబట్టి: లీటరు నీటికి బొంబాయి రవ్వ 100 గ్రాములు, బెల్లం 100 గ్రాములు, అగర్ 10 గ్రాములు, దించి కాస్త చల్లారాక ప్రొపియోనిక్ ఆమ్లం 7.5 మి.లీ. మరుగుతుండగా ఆమ్లం పోస్తే ఆవిరైపోయి బూజు పడుతుంది.

---

నాడీసంధి రాశారు:
వెలుగుకు స్పందించని ఈగ దొరికింది. తప్పు కంట్లోనా, మెదడులోనా, కాళ్లలోనా? బెంజర్ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే, పాఠ్యపుస్తకాలు రెండు వాక్యాల్లో దాటేస్తాయి.

యోషికి హొట్టా, బెంజర్ కలిసి కంటి విద్యుత్ స్పందన కొలిచి కొన్నిటిలో తప్పు కంట్లోనే ఉందని చూపారు. మిగతావాటికి మొజాయిక్‌లు (రెండు రకాల కణజాలం కలిసిన ఈగలు) వాడారు. రింగ్-ఎక్స్ అనే గుండ్రటి క్రోమోజోమ్ ఒకటుంది, పిండం తొలి విభజనల్లో అది తరచూ జారిపోతుంది. రింగ్-ఎక్స్ ఒకటి, మ్యుటేషన్ ఉన్న మామూలు ఎక్స్ ఒకటి ఉన్న ఆడపిండం తీసుకోండి. రింగు జారిపోయిన కణాల సంతతి అంతా మగ కణజాలం, మ్యుటేషన్ బయటపడిన కణజాలం. మిగతాది ఆడది, మామూలుది. మ్యుటేషన్ పక్కనే పసుపు ఒంటిరంగు మార్కర్ పెడితే ఏ భాగం ఏదో చర్మం మీద కనిపిస్తుంది. విభజన తలం ప్రతి పిండంలో వేరేలా పడుతుంది కాబట్టి హద్దు ఒక్కో ఈగలో ఒక్కోచోట వస్తుంది.

ఇక లెక్క. రెండు శరీరభాగాలు పిండంలో ఎంత దూరంగా ఉంటే, హద్దు వాటి మధ్య నుంచి పోయే అవకాశం అంత ఎక్కువ. 200 మొజాయిక్‌లలో 24 ఈగల్లో ఆ రెండు భాగాలు వేర్వేరు రకాలైతే దూరం 12 స్టర్ట్‌లు. తొలి జన్యు మ్యాపు గీసిన స్టర్టెవాంట్ పేరు మీద పెట్టిన కొలమానం అది. శరీరభాగం బదులు "వణుకు", "హఠాత్తుగా చావడం" లాంటి ప్రవర్తనను పెట్టి దూరాలు కొలిస్తే, ఆ ప్రవర్తనకు మూలమైన కణాలు పిండంలో ఎక్కడివో తేలుతుంది. డ్రాప్-డెడ్ మ్యూటెంట్‌లో ఆ చోటు మెదడు. ఈథర్ మత్తులో కాళ్లు వణికే హైపర్‌కైనెటిక్‌లో ఒక్కో కాలికి ఒక్కో కేంద్రం, ఛాతీలోని నాడీముడిలో.

మళ్లీ చూడండి: రెండు బిందువులు ఎంత తరచుగా విడిపోతాయో లెక్కించి దూరం గీయడం. ఆర్‌టూలో చేసిందీ అదే. విడదీసేది అక్కడ రికాంబినేషన్, ఇక్కడ కణవిభజన.

భారతీయ సంబంధం కూడా చెప్పాలి. ముంబై టీఐఎఫ్ఆర్ (టాటా ప్రాథమిక పరిశోధన సంస్థ)లో అణుజీవశాస్త్ర విభాగం మొదలుపెట్టిన ఒబైద్ సిద్దిఖీ, బెంజర్‌తో కలిసి వేడికి పక్షవాతం వచ్చినట్టు పడిపోయే ఈగల నాడీ స్పందనల మీద 1976లో వ్యాసం రాశారు. తర్వాత టీఐఎఫ్ఆర్‌లో వెరోనికా రోడ్రిగ్స్‌తో కలిసి వాసన, రుచి మ్యూటెంట్ల పని చేశారు. బెంగళూరు ఎన్‌సీబీఎస్ (జాతీయ జీవశాస్త్ర కేంద్రం)కు తొలి డైరెక్టర్ కూడా ఆయనే.

---

ఓరుగల్లు_శాస్త్రి రాశారు:
ఒక అభ్యంతరం. ఇదంతా చదివితే ఒక జన్యువుకు ఒక ప్రవర్తన అనిపిస్తుంది. అదే కాలంలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో జెర్రీ హిర్ష్ వేరే దారిలో ఉన్నాడు. నిలువు మేజ్ (చిక్కుదారుల పెట్టె)లో పైకి వెళ్లే ఈగలనూ కిందికి వెళ్లే ఈగలనూ తరాల తరబడి ఎంపిక చేసి, ఆ తేడా ఎన్నో జన్యువుల మీద చెదిరి ఉందని చూపాడు. ప్రకృతిలో ఉండే వైవిధ్యం గురించి అడిగితే హిర్ష్ ప్రశ్నే సరైనది. సెమినార్‌లో ఇది వదలొద్దు.

---

నాడీసంధి రాశారు:
ఒప్పుకుంటాను, కానీ రెండూ వేర్వేరు ప్రశ్నలు. ఈగకూ ఈగకూ తేడా ఎందుకు అన్నది హిర్ష్ ప్రశ్న. ఈ ప్రవర్తన ఏ భాగాలతో నడుస్తోంది అన్నది బెంజర్ ప్రశ్న. ఒక భాగం తీసేసి ఏం ఆగిపోతుందో చూడటం అతని పద్ధతి. 2002లో హిర్ష్ లైన్లలో జన్యు వ్యక్తీకరణ పోల్చి కొన్ని జన్యువులు ఎంచి ఒక్కొక్కటిగా పరీక్షించారు, క్రై, పీడీఎఫ్ లాంటివి కొద్దికొద్దిగా ప్రభావం చూపాయి. ఒక్కటీ మొత్తం తేడాను వివరించలేదు. అంటే హిర్ష్ మాట నిలిచింది, దాన్ని తేల్చడానికి బెంజర్ తరహా మ్యూటెంట్లు కావాల్సి వచ్చాయి.

సరిగా నేర్చుకోలేని డన్స్ మ్యూటెంట్ విషయమూ అంతే. 1974లో క్విన్, హారిస్, బెంజర్ ఈగలకు వాసనతో విద్యుత్ షాక్ జతచేసి నేర్పించారు. రెండు వాసనలు, ఒక గుంపుకు ఒకదానితో షాక్, ఇంకో గుంపుకు రెండోదానితో, రెంటి సగటు. ఈ తారుమారు లేకపోతే సహజంగా నచ్చని వాసనను "నేర్చుకుంది" అనుకుంటాం. 1976లో ఆ పద్ధతితో డన్స్ దొరికింది. 1981లో అది సైక్లిక్ ఏఎంపీ అనే కణ సంకేత అణువును విరిచే ఎంజైమ్ జన్యువని తేలింది. "జ్ఞాపకశక్తి జన్యువు" అనడం తప్పు. ఆ ఎంజైమ్ పని ఇతర కణాల్లోనూ ఉంది, డన్స్ ఆడ ఈగలు గుడ్లు సరిగా పెట్టకపోవడం దానికి గుర్తు.

---

పండ్లఈగ రాశారు:
చివరి ప్రశ్న మిగిలింది, పీరియడ్.

ఈగ ప్యూపా నుంచి తెల్లవారుజామున బయటికొస్తుంది. పూర్తి చీకట్లో ఉంచినా దాదాపు 24 గంటలకోసారి గుంపుగా వస్తుంది. రాన్ కొనోప్కా ఈఎంఎస్ ఇచ్చిన ఎక్స్‌ల నుంచి దాదాపు 2000 లైన్లు పెట్టి, వేళకాని వేళ బయటికొచ్చేవాటిని వెతికాడు. మూడు దొరికాయి: అసలు లయ లేనిది, 19 గంటలది, 28 గంటలది. తర్వాత ఒక్కో ఈగ కదలికలను చీకట్లో ఇన్‌ఫ్రారెడ్‌తో నమోదు చేస్తే అవే అంకెలు వచ్చాయి. ప్యూపా దశలో ఒక్కసారి జరిగే పనికీ, పెద్ద ఈగ రోజూ చేసే పనికీ ఒకే గడియారమని అలా తెలిసింది. వ్యాసం 1971లో వచ్చింది.

మూడూ ఎక్స్ మీద వైట్ జన్యువుకు దగ్గర్లో ఒకేచోట పడ్డాయి. దగ్గరగా ఉన్నంతమాత్రాన ఒకే జన్యువు కావాలని లేదు, ఆ మాట అందరికన్నా బాగా తెలిసినవాడు బెంజరే. అందుకని ఫేజ్ రోజుల కాంప్లిమెంటేషన్ పరీక్ష. లయ లేనిదాన్ని 19 గంటలదానితో కలిపిన ఆడ ఈగలో లయ పొట్టిగానే ఉంది, 28 గంటలదానితో కలిపితే పొడుగ్గానే ఉంది. లయ లేనిది వేరే జన్యువైతే ఆ లోపాలు పూడాలి, పూడలేదు. ఇక్కడ ఒక జాగ్రత్త: 19 గంటల మ్యుటేషన్ మామూలు జన్యువు పక్కన ఉన్నా సుమారు 21.5 గంటలు చూపిస్తుంది, పూర్తి రిసెసివ్ కాదు. కాబట్టి "24 రాలేదు" అన్నది ఒక్కటే రుజువు కాదు. 21.5తో పోల్చి, అంతకన్నా పొట్టిగా ఉందా అని చూడాలి. ఎమ్మెస్సీ గారూ, సెమినార్‌లో ఈ పోలిక గ్రాఫ్‌గా చూపండి, ప్రశ్నలు దీని మీదే వస్తాయి.

జన్యువును 1984లో బ్రాండైస్, రాక్‌ఫెల్లర్ బృందాలు వేరు చేశాయి. తర్వాత క్రమం చదివితే లయ లేనిదానిలో ప్రొటీన్‌ను మధ్యలో తుంచేసే స్టాప్ కోడాన్, మిగతా రెంటిలో ఒక్కో అమైనో ఆమ్లం మార్పు. 19 గంటలదానిలో 589వ స్థానంలో సెరీన్ పోయి ఆస్పరాజిన్ వచ్చింది. 2001లో మనుషుల్లో సాయంత్రమే నిద్ర ముంచుకొచ్చే ఒక కుటుంబంలో పీరియడ్‌కు మానవ రూపమైన పీఈఆర్2 ప్రొటీన్‌లోనూ ఒక సెరీన్ మార్పే కనిపించింది.

---

లాంబ్డా_లైసిస్ రాశారు:
ఒక చేర్పు. చివరి దశాబ్దంలోనూ వెతికే పద్ధతి మారలేదు. 1998లో లిన్, సెరూడ్‌లతో కలిసి ఎక్కువకాలం బతికే మెతూసెలా మ్యూటెంట్ చూపాడు. సగటు ఆయువు సుమారు 35 శాతం పెరిగింది, వేడినీ ఆకలినీ పారాక్వాట్ విషాన్నీ కూడా బాగా తట్టుకుంది. స్లయిడ్లు పరిమితమైతే బహుమతుల జాబితా తీసేసి, ఆర్‌టూ చుక్క పరీక్ష, మొజాయిక్ మ్యాపు, పీరియడ్ క్రాస్ ఈ మూడింటి బొమ్మలూ పక్కపక్కన ఒకే స్లయిడ్‌లో పెట్టండి.

---

ఎమ్మెస్సీ_జన్యు రాశారు:
అలాగే పెడతాను సార్. 21.5 గంటల కంట్రోల్ గీత కూడా గ్రాఫ్‌లో గీస్తాను. ద్విపద గారి ఆరు ట్యూబుల లెక్కను హ్యాండవుట్‌గా ఇస్తాను. అందరికీ ధన్యవాదాలు.